వాసన రాదు

మూడొందలకో వీడియో తీస్తాను నేను.
గాజువాకలో బేకరీ, మధురవాడలో బ్యూటీ పార్లరు,
కంచరపాలెం మెట్ట దగ్గర మిక్సీలు బాగుచేసే సన్నాసిరావు,
అందరూ నా ఫోన్లో ముప్పై సెకన్ల మనుషులే.
కేకు మీద కాస్త నూనె రాస్తే మెరుస్తుంది.
రింగులైటు సరిగ్గా ఎదురుగా పెడితే
మొహమ్మీది మచ్చ ఎక్కడికీ పోదు, కనపడదంతే.
ఇదీ నా విద్య.

పెదజాలరిపేటలో తెడ్డు దానమ్మ
రొంటిన దోపిన సంచి విప్పి
మూడు నోట్లూ ముందే చేతిలో పెట్టింది.
"తియ్యరా బాబూ. మా సుట్టాల గుంట సెప్పింది,
ఫోన్లో అగుపిస్తే అయిదరాబాదోళ్ళు కూడా కొంతారంట."

వల మీద నెత్తళ్ళు ఆరుతున్నాయి,
ఎవరో వెండిగోళ్ళు కత్తిరించి పారబోసినట్టు.
దండెం మీద సావళ్ళు, పాత బెల్టుల్లా.
కాకుల్ని బెదిరించడానికి కట్టిన క్యాసెట్టు టేపు
డాల్ఫిన్ నోస్ కొండ వైపు కొట్టుకుంటోంది.
ఫ్రేము బాగుంది. అత్తా, కొంచెం నవ్వు అన్నాను.
"నవ్వితే సేప సులకనైపోద్ది."
సరే నవ్వకు, ఏదైనా చెప్పు.
"వాసనొస్తాదేటి ఇందులో?"
రాదు.
"మరేటి సూసి కొంతారు?"

నా దగ్గర జవాబు లేదు. పాట ఉంది.
వినిపించాను.
"సంద్రం ఉండగా ఇదెందుకు?" అంది.
తీసేశాను.

అప్పుడు తనే
ఒక కానగంతని లెన్సుకి అడ్డంగా పట్టుకుని విరిచింది.
పుటుక్కుమంది.
"ఇలగిరిగితే ఎండినట్టు."
ఇంకోదాన్ని వంచింది. అది వంగి, వంగి, ఊరుకుంది.
"ఇది పచ్చి. ఉప్పునీళ్ళ బరువు. తూకంలో మోసం.
ఇది నాదే. ఎల్లుండికి గానీ ఆరదు. ఎవులూ కొనకండి."

ఆ ముక్క కోసేస్తానన్నాను.
తన సరుకుని తనే తిట్టుకునే వ్యాపారం ఎక్కడైనా ఉందా?
దానమ్మ నన్ను చూసింది.
ఇందాక వంగిన చేపనీ అలాగే చూసింది.
"డబ్బులు నానిచ్చినాను గదా."

మొదటి రోజు అరవై ఒక్క చూపులు,
అందులో ఏడు నావే.
మూడో రోజు విజయనగరం నుంచి ఎవరో అడిగారు
ఈవిడ ఏ పక్క కూర్చుంటుందని.
ఆ తర్వాత లెక్క నా చేతిలో లేదు.

ఐదో రోజు పొద్దున్నే గొడవ.
వచ్చిన ప్రతివాడూ చేపని విరిచి చూస్తున్నాడట.
కొనడు. విరుస్తాడు.
"మా పొట్ట కొట్టీసినావే!" అంటూ మైలపల్లి కాసులమ్మ
తట్ట ఎత్తి నేలకేసింది.
నెత్తళ్ళన్నీ ఇసకపాలు.
దానమ్మ మాటకి మాట అనలేదు. గొంతుక్కూర్చుని ఏరింది.
ఏరుతూనే ఒక్కోటీ వేళ్ళతో నలిపి చూసి
రెండు కుప్పలు పోసింది.
ఒకటి ఆమె వైపు జరిపింది.
"ఇవమ్ముకో. అవింకో రెండెండలు కాయనీ.
ఒరే, దీన్ని కూడా తియ్యి. డబ్బులు నానిస్తాను."
కాసులమ్మ మొహం తిప్పేసుకుంది.
చెవికమ్మ ఒక్కటీ ఫ్రేములో మిగిలింది.
దాన్నే తీశాను, చాలాసేపు.

ఇంటికొచ్చాక చూస్తే
ఫోను కవరంతా ఎండుచేపల కంపు.
నిమ్మచెక్క రుద్దాను, పౌడరు చల్లాను, శానిటైజరు పోశాను.
వీడియోలోకి రాను పొమ్మన్న వాసన
నా జేబులో కాపురం పెట్టింది.

మర్నాడు గాజువాక బేకరీ ఆయన ముక్కు ఎగబీల్చి
"ఏంటయ్యా ఇది!" అన్నాడు.
అంటూనే నూనె బ్రష్షు అందించాడు.
దాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
"నిన్నటి కేకు ఏది సార్?
ముందు దాన్ని చూపిద్దాం" అన్నాను.

ఇప్పుడా బేకరీకి వేరే కుర్రాడు తీస్తున్నాడు.
కేకులు బాగా మెరుస్తున్నాయి.